కనిపించని వేలు

వెబ్‌సైట్‌లో ఒక్క బటన్ మార్చినా సరే, మిగతావన్నీ నిన్నటిలాగే పనిచేస్తున్నాయో లేదో ఎవరో ఒకరు చూడాలి. లాగిన్ కావాలి, గళ్లు నింపాలి, నొక్కాలి, వచ్చింది సరిచూడాలి. రేపు ఇంకో బటన్ మారితే మళ్లీ మొదటికి. 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్‌కు ఎదురైంది ఈ విసుగే. ఉద్యోగులు పనిగంటలూ ఖర్చులూ రాసుకునే అప్లికేషన్‌ని ఆయన పరీక్షించాల్సి వచ్చింది. మనిషి వేలికి బదులుగా జావాస్క్రిప్ట్‌తో ఒక వేలు తయారుచేశాడు. ఆ స్క్రిప్టు బ్రౌజర్ లోపలే కూర్చుని, పట్టికలో వరుసగా రాసిపెట్టిన ఆదేశాలు చదువుకుంటూ తనే బటన్లు నొక్కేది. ఫలానా మాట తెర మీదికి వచ్చిందో లేదో చూసి పాస్, ఫెయిల్ చెప్పేది.

దానికి పెట్టిన సెలీనియం అన్న పేరు వెనక ఓ చమత్కారం ఉంది. అప్పట్లో టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లలో మెర్క్యురీ ఇంటరాక్టివ్‌ది పెద్ద చెయ్యి. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడంటారు కదా అని హగ్గిన్స్ వేసిన జోకే పేరుగా స్థిరపడిపోయింది. 2006లో ఆ మెర్క్యురీని హెచ్‌పీ దాదాపు 450 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. విరుగుడు మాత్రం ఉచితంగానే దొరుకుతూ వచ్చింది.

లోపల కూర్చున్న వేలికి ఒక కట్టడి ఉంది. ఒక సైటు స్క్రిప్టు మరో సైటు పేజీని ముట్టుకోకూడదన్నది బ్రౌజర్ల భద్రతా నియమం. అదే లేకపోతే ఏ వంటల సైటో మీ బ్యాంకు పేజీలోకి తొంగిచూసేది. అందుకని థాట్‌వర్క్స్‌కే చెందిన పాల్ హామంట్, మరికొందరు కలిసి మధ్యలో ఒక ప్రాక్సీ సర్వర్‌ని నిలబెట్టారు. స్క్రిప్టూ పేజీ ఒకే చోటినుంచి వస్తున్నాయని అది బ్రౌజర్‌ని నమ్మించేది. పరీక్షించాల్సిన బ్రౌజర్‌కే మస్కా కొట్టడమన్నమాట! పని జరిగేది గానీ, మెలికలు ఎక్కువ.

సైమన్ స్టీవార్ట్ వేరే దారి పట్టాడు. ఆయన చేసిన వెబ్‌డ్రైవర్ పేజీలోకి దూరదు. బయటినుంచి, ఏ బ్రౌజర్‌తో ఆ బ్రౌజర్ భాషలో మాట్లాడి పని చేయిస్తుంది. 2011లో సెలీనియం, వెబ్‌డ్రైవర్ రెండూ కలిసి సెలీనియం 2 వచ్చింది. 2018లో వెబ్‌డ్రైవర్‌ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే ‘సెలీనియం విత్ జావా’ ఈ వంశానిదే.

నొక్కడం తేలికే. అసలు కష్టం ఎప్పుడు నొక్కాలో తెలియడం. పేజీ వచ్చినట్టే ఉంటుంది, బటన్ ఇంకా పుట్టి ఉండదు. మనిషైతే ఒక క్షణం ఆగుతాడు. వేలికి ఆ ఇంగితం లేదు. ఆగాల్సిన షరతు ఏమిటో చెప్పే ఏర్పాటు సెలీనియంలో ఉన్నా, తొందరలో ఉన్న టెస్టరు ‘ఐదు సెకన్లు నిద్రపో’ అని ఒక లైను రాసి ఊరుకుంటాడు. అలాంటివి వెయ్యి పోగైతే గంటకు పైగా నిద్రకే పోతుంది. పోనీ అంత నిద్రపోయినా, సర్వరు నెమ్మదించిన రోజున ఐదు సెకన్లూ చాలవు. ఉదయం పాసైన టెస్టు, కోడ్‌లో ఏమీ మారకుండానే మధ్యాహ్నం ఫెయిలవుతుంది. నాలుగుసార్లు అలా జరిగితే ఇక ఫెయిల్‌ని చూపే ఎరుపు రంగును ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే అసలు టెస్టులు లేకపోవడం కన్నా అది ప్రమాదం.

తర్వాత వచ్చిన సాధనాలను ఈ ఆగడం దగ్గరే పోల్చాలి. సైప్రెస్ మళ్లీ బ్రౌజర్ లోపలికే వెళ్లి కూర్చుంది, హగ్గిన్స్ తొలి స్క్రిప్టులాగే. ఇల్లు తనదే కాబట్టి ఏది ఎప్పుడు తయారైందో దానికి బాగా తెలుస్తుంది. కానీ వేరే సైటుకు వెళ్లాలంటే మొదట్లో ఆ పాత కట్టడే అడ్డొచ్చేది, లోపలే ఉంటుంది కనుక రెండో ట్యాబ్‌ని నేరుగా నడపలేదు. 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ బయటే ఉంటుంది, కానీ బ్రౌజర్‌తో ఫోన్ పెట్టేయకుండా మాట్లాడుతూనే ఉంటుంది. గూగుల్‌లో పపెటీర్ అనే ఇలాంటి సాధనాన్ని చేసినవాళ్లే దీని వెనకా ఉన్నారు. నొక్కే ముందు బటన్ కనబడుతోందా, కదలకుండా ఉందా, దాని మీద ఇంకేదైనా అడ్డుపడిందా అని తనే చూసుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టే బృందమైతే నా ఓటు దీనికే. పదేళ్లుగా జావాలో పేర్చుకున్న సెలీనియం టెస్టులు సవ్యంగా నడుస్తుంటే మాత్రం, ఫ్యాషన్ కోసం వాటిని తిరగరాయడం దండగ. మొబైల్ యాప్‌లకు యాపియం ఉంది. అది కూడా వెబ్‌డ్రైవర్ బాటలో నడిచిందే. ఇక రకరకాల ఫోన్లూ బ్రౌజర్లూ సొంతంగా కొని పెట్టుకోలేనివాళ్లు అద్దెకు తీసుకుంటారు. 2011లో మన దేశంలోనే మొదలైన బ్రౌజర్‌స్టాక్ వ్యాపారం అదే.

హగ్గిన్స్ మాత్రం వేలిని ఇంకా బయటికి తెచ్చాడు. 3డీ ప్రింటర్ మీద అచ్చుపోసిన భాగాలతో ట్యాప్‌స్టర్ అనే రోబోను తయారుచేశాడు. అది ఫోను పైన నిలబడి, తెరను నిజంగానే తాకుతుంది. దానిచేత ఆయన మొదట ఆడించిన వాటిలో యాంగ్రీ బర్డ్స్ ఒకటి.