పాత మంగలికత్తిని బాగుచేయుట

మన ఆర్యపల్లివంటి సముద్రతీర గ్రామములలో ఇనుపవస్తు వేదియు చిరకాలము మెఱయుచుండదు. ఇనుమునకు గాలిలోని ప్రాణవాయువు, తడి తోడైనచో తుప్పు పుట్టును. సముద్రపుగాలిలోని ఉప్పు ఆ తడిని పట్టియుంచుటయేగాక, దానిలో విద్యుత్తు సులభముగా ప్రవహించునట్లు చేసి తుప్పును త్వరపెట్టును. కావున పాతపెట్టెలో తాతలనాటి మంగలికత్తి దొరకినచో అది ఎఱ్ఱబాఱియుండుట వింతగాదు. దానిని పాత ఇనుమువానికి అమ్మివేయకముందు విద్యార్థులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు.

మనము క్షురమనునదియు, మన ఒడియా సోదరులు ఖుర అనునదియు ఒకే సంస్కృతపదమునుండి వచ్చినవి. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్ పట్టణములు ఈ మడతకత్తులకు ప్రసిద్ధికెక్కినవి. 1904లో అమెరికాలో కింగ్ జిల్లెట్ సేఫ్టీ రేజరుకు పేటెంటు పొందిన పిమ్మట, వాడి పాఱవేయు బ్లేడ్లు లోకమంతట వ్యాపించినవి. మడతకత్తి మాత్రము సరిగా నూఱుకొనుచుండినచో ఒక తరమునుండి మఱియొక తరమునకు వచ్చును.

మొదట కత్తిని మంచి వెలుతురులో పరీక్షింపవలెను. అంచున బీట యున్నను, తుప్పుగుంటలు అంచువఱకు లోతుగా దిగియున్నను, దానిని జ్ఞాపకార్థము దాచుకొనుటయే మేలు. గడ్డము గీయుటకు పనికిరాదు. బాగుపడునని తోచినచో అంచునకు దళసరి టేపు అంటించి, పెద్దల సమక్షముననే పని ఆరంభింపవలెను.

కుట్టుమిషను నూనె రాచి ఒక రాత్రి యుంచినచో తుప్పు కొంత వదులగును. పిమ్మట వాటర్ పేపరుతో రుద్దవలెను. 600, 1000, 2000 అని అంకె పెరిగినకొలది దాని గరుకు తగ్గును. చేయి కత్తివీపునుండి అంచువైపునకు జాఱవలెనేగాని అంచున కెదురుగా పోరాదు. ఎఱ్ఱని తుప్పు పోయినచో చాలును. నల్లనిమచ్చ మిగిలినను అది ఉక్కును తినదు. దానిని పోగొట్టవలెనని పట్టుపట్టినచో ఉక్కే పలుచబడును. తిరుగుడుసాన నసలే వాడరాదు. ఆ రాపిడి వేడికి ఉక్కుపై నీలిరంగు పొడసూపెనా, అచట కాఠిన్యము పోయినట్లే. అట్టి అంచు పదును నిలుపుకొనలేదు.

ఇక టేపు తీసి నూఱవలెను. కత్తివీపును, అంచును రెండును సానరాతిని ఒకేసారి తాకునట్లు పరుండబెట్టవలెను. వీపు దళసరిగా నుండుటచే కావలసిన కోణము తనంతట తానే కుదురును. కత్తి చేసినవారి తెలివి యిదియే. సానపై అంచు ముందుగా నడచును; తోలుపట్టీపై వీపు ముందుగా నడచును. ఇది తారుమాఱైనచో పట్టీ తెగును, అంచును చెడును.

సానరాళ్లలో బెల్జియము దేశపు ఆర్డెన్ ప్రాంతమున దొరకు కోటికుల్ అను లేతపసుపు రాయి క్షురకత్తులకు పేరుపొందినది. దానిలోని అతిసూక్ష్మమైన గార్నెట్ రేణువులే ఉక్కును అరగదీయును. ఈ గార్నెట్ మన తీరపుటిసుకలోను గలదు. ఛత్రపురమువద్ద ఐ.ఆర్.ఇ.ఎల్. అను కేంద్రప్రభుత్వ సంస్థ ఇల్మెనైటు, మోనజైటులతోపాటు దానినికూడ వేఱుచేయుచున్నది. అట్లని ఒడ్డుననున్న ఇసుకతో కత్తిని రుద్దరాదు. కోటికుల్‌లోని రేణువు ఇంచుమించు మిల్లీమీటరులో వందవవంతుండగా, ఇసుకరేణువు దానికి పదిరెట్లో, అంతకు మించియో యుండును. ఖనిజ మొక్కటియే యైనను, సన్ననిది పదును పెట్టును, ముతకది గీతలు పెట్టును.

బాగుపడిన కత్తిని ప్రతిసారి కడిగి, తడి లేకుండ తుడిచి, నూనె పూసి యుంచవలెను. ఒకరి కత్తిని మఱియొకరు వాడరాదు. రక్తముద్వారా హెపటైటిస్ బి వంటి వ్యాధులు సోకగలవు.

మేము పైన వ్రాసిన దంతయు మన క్షురకవృత్తివారును, ఒడియా భండారులును పుస్తకములతో పనిలేకయే తరతరములుగా చేతులలో నిలుపుకొన్న విద్య. బ్లేడు వచ్చిన పిదప నూఱువారు తగ్గిపోవుచున్నారు. తుప్పుపట్టిన కత్తిని మరల బాగుచేసికొనవచ్చును. నూఱుట నెఱిగిన చేతులు పోయిన పిమ్మట ఆ నేర్పును తెచ్చుకొనుట కష్టము. కావున మీ ఊరిలో అట్టి వృద్ధులున్నచో, వారియొద్ద వినయముతో కూర్చుండి, మొదటి కత్తిని వారి కన్నులయెదుటనే నూఱుట నేర్చుకొనుడని మా సలహా.