క్యాథలిక్ గురువుల బ్రహ్మచర్యం: ఆవిర్భావం, పరిణామం

1. ప్రవేశిక

రాజవొమ్మంగి వంటి తూర్పు కనుమల మన్యప్రాంతాల్లో గ్రామదేవతలను కొలిచే పూజారి సాధారణంగా గృహస్థుడే. ప్రొటెస్టెంటు సంఘాల పాస్టర్లూ సంసారజీవులే. క్యాథలిక్ గురువు మాత్రం అవివాహితుడు. ఈ భేదాన్ని గమనించినవారు గురువుల బ్రహ్మచర్యాన్ని క్రీస్తు స్వయంగా విధించిన నియమంగానో, సన్న్యాసానికి మరో రూపంగానో భావిస్తుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ చరిత్రకు పూర్తిగా సరిపోవు. ఈ నియమం ఏ దశల్లో రూపొందిందో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. బైబిలు ఆధారాలు

అపొస్తలులలో ప్రముఖుడైన పేతురు వివాహితుడు. ఆయన అత్తగారి జ్వరాన్ని యేసు నయం చేసిన ఉదంతం సువార్తల్లో ఉంది. అధ్యక్షుడు ఏకపత్నీపురుషుడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి లేఖ చెబుతుంది. మరోవైపు, పరలోకరాజ్యం కోసం వివాహాన్ని వదులుకున్నవారి ప్రస్తావన మత్తయి సువార్త 19వ అధ్యాయంలో ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు అవివాహిత స్థితిని ప్రశంసించినా, కన్యల విషయంలో తనకు ప్రభువు ఆజ్ఞ లేదని స్పష్టం చేశాడు. అంటే, బైబిలులో ఆదర్శం ఉంది. గురువులందరికీ వర్తించే శాసనం లేదు.

3. సంయమం నుంచి అవివాహానికి

4వ శతాబ్ది తొలినాళ్లలో స్పెయిన్‌లో జరిగిన ఎల్విరా సభ, వివాహితులైన బిషప్పులు, గురువులు, డీకన్లు దాంపత్య సంబంధాన్ని మానుకోవాలని నిర్దేశించింది. 385లో పోపు సిరీసియస్ తర్రగోనా బిషప్పు హిమేరియస్‌కు రాసిన లేఖలోనూ ఇదే కనిపిస్తుంది. ఇక్కడ నిషిద్ధమైనది వివాహం కాదు, వివాహానంతర సంసారం. బలిపూజ నిర్వహించేవాడు శుచిగా ఉండాలన్న భావన దీనికి ఒక ముఖ్య కారణం. మఠజీవనంపై పెరిగిన గౌరవం కూడా ఇందుకు తోడ్పడింది.

ప్రాచ్య సంఘాలు మరో మార్గం పట్టాయి. 692 నాటి ట్రుల్లో సభ వివాహితులైన గురువులు సంసారజీవితం కొనసాగించవచ్చని అంగీకరించి, బిషప్పులకు మాత్రం సంయమాన్ని విధించింది.

పాశ్చాత్య సంఘంలో 11వ శతాబ్ది నాటికి చాలామంది గురువులు కుటుంబాలతోనే జీవించేవారు. చర్చి ఆస్తులు, పదవులు వారి కుమారులకు సంక్రమిస్తాయన్న ఆందోళన సంస్కర్తల్లో బలపడింది. పోపు ఏడవ గ్రెగరీ 1074లో కఠిన చర్యలు చేపట్టాడు. 1139 నాటి రెండవ లాటరన్ మహాసభ గురువులు చేసుకునే వివాహాలు చెల్లవని ప్రకటించింది. సంయమం కోరిన నియమం అవివాహాన్ని శాసించేదిగా మారడంలో ఇది నిర్ణాయక ఘట్టం. ట్రెంట్ మహాసభ 1563లో దీనిని ధ్రువీకరించి, అదే ఏడాది గురువుల శిక్షణకు సెమినరీలు నెలకొల్పాలని ఆదేశించింది.

4. భారతీయ సందర్భం

కేరళలోని తోమా క్రైస్తవుల గురువులైన కత్తనార్లు పూర్వం వివాహం చేసుకునేవారు. 1599లో గోవా ఆర్చిబిషప్పు మెనెజెస్ అధ్యక్షతన జరిగిన ఉదయంపేరూరు సభ వారికి బ్రహ్మచర్యాన్ని విధించింది. ఆ పరంపరకు చెందిన సీరో మలబార్ సంఘం 1999లో ఆదిలాబాద్ మేత్రాసనాన్ని ఏర్పరచుకుంది. ప్రాచ్య సంప్రదాయానికి చెందినా ఆ సంఘ గురువులు నేటికీ అవివాహితులే.

తెలుగునాట 18వ శతాబ్దిలో కర్ణాటక మిషనుకు చెందిన ఫ్రెంచి జెసూట్లు సన్న్యాసి వేషం ధరించి బోధించారు. గురువును సన్న్యాసిగా చూడటానికి ఇటువంటి సంప్రదాయం అవకాశమిచ్చింది. అయితే మఠవాసులు దారిద్ర్య, విధేయతా వ్రతాలతోపాటు బ్రహ్మచర్యాన్ని స్వీకరిస్తారు. మేత్రాసన గురువు దారిద్ర్య వ్రతం తీసుకోడు. అతని బ్రహ్మచర్యం డీకన్ పట్టం పొందేటప్పుడు అంగీకరించే సంఘ నియమం.

5. ముగింపు

గురువుల బ్రహ్మచర్యం మార్పులేని విశ్వాస సత్యం కాదు, సంఘ క్రమశిక్షణ. 1967లో పోపు ఆరవ పౌలు దీనిని గట్టిగా సమర్థించాడు. గురువులు అరుదుగా చేరుకునే అడవి పల్లెల కోసం వివాహితులైన డీకన్లకు గురుపట్టం ఇవ్వాలని 2019 అమెజాన్ సినడ్ ప్రతిపాదించింది. పోపు ఫ్రాన్సిస్ 2020 నాటి తన ప్రబోధంలో దానిని స్వీకరించలేదు. పూర్ణకాల సేవకు అవివాహమే తగినదా, విశ్వాసులకు బలిపూజ అందుబాటులో ఉండటమే ముఖ్యమా అన్నది దూరప్రాంత విశ్వాసులందరికీ సంబంధించిన ప్రశ్న. నియమం ఎలా పుట్టిందో తెలిసినప్పుడే ఆ చర్చ సక్రమంగా సాగుతుంది.