రామ్ సిక్లిడ్ గుడ్లు తెల్లబడుతుంటే ముందు నీరు చూడండి
శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల్లో చాలాచోట్ల బోరు నీటిలో ఉప్పు, కాఠిన్యత ఎక్కువ. రామ్ సిక్లిడ్ దక్షిణ అమెరికాలోని ఒరినోకో ప్రాంతపు తేట నీటి చేప. కాఠిన్యత ఎక్కువైతే గుడ్లు సరిగా ఫలదీకరణ చెందక తెల్లబడి బూజు పడతాయి. మందులకు డబ్బు పెట్టే ముందు నీరు సరిచేయండి. తొలి వాన వదిలేసి, తర్వాత డాబా మీద పట్టిన వాన నీటిని బోరు నీటితో కలిపి పీహెచ్ 6-6.5 మధ్య ఉంచండి. వేడి 28 డిగ్రీలు ఉండాలి, సంక్రాంతి చలిలో హీటరు తప్పదు.

తొలిసారి తల్లిదండ్రులు గుడ్లు తినేయడం మామూలే, జతను విడదీయకండి. మళ్లీ మళ్లీ తింటుంటే గుడ్లున్న రాయిని అదే నీటితో చిన్న తొట్టెలోకి మార్చి, పక్కన గాలి బుడగలు పెట్టండి. తెల్లగుడ్లు డ్రాపరుతో తీసేయండి. రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. మరో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదగానే అప్పుడే పొదిగిన ఆర్టీమియా వేయండి, అంతకుముందు మేత వేస్తే నీరు పాడవుతుంది.