సైనిక పాలనలో రాజకీయ నాయకుడు – బద్దం ఎల్లారెడ్డి

హైదరాబాదు సంస్థానమున సైనిక పాలన నడచినది పదునైదు మాసములు మాత్రమే. 1948 సెప్టెంబరు 17న నిజాం సేనలు లొంగిపోగా, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగా అధికారము వహించి 1949 డిసెంబరు వరకు నుండెను. చరిత్ర గ్రంథములలో సామాన్యముగా నీ కాలము రెండు మూడు వాక్యములతో ముగియును. కాని శాసనసభయు ఎన్నికలును లేని కాలమున రాజకీయ నాయకుడనగా నెవరు? ఈ ప్రశ్నను హుస్నాబాదు ప్రాంతమునుండి పరిశీలించుట యుక్తమని మా అభిప్రాయము.

నాడు కరీంనగరు జిల్లాలో నుండి, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన హుస్నాబాదునకు సమీపమున మహమ్మదాపురము కలదు. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి మొదలగువారు అచట నిజాం పోలీసులతో పోరి అసువులు బాసిరి. ప్రభాకరరావుగారు సైనిక పాలనను చూడలేదు. అదే జిల్లాలోని గాలిపెల్లి గ్రామస్థులైన బద్దం ఎల్లారెడ్డిగారు చూచిరి. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిన మువ్వురిలో ఈయన యొకరు. తక్కిన యిరువురు రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులు.

సైనిక ప్రభుత్వము రజాకార్ల నణచెను. 1949 ఆగస్టులో జాగీర్లను రద్దు చేసెను. పోరాడినవారు కోరినదియు నదియే గదా! అయినను ఆ ప్రభుత్వమే కమ్యూనిస్టు పార్టీని నిషేధించి, దాని దళములపైకి సైన్యమును నడిపెను. నిజాముపై నెత్తిన ఆయుధమును యూనియన్ సైన్యముపై నెత్తవచ్చునా యను వివాదము పార్టీలోనే చెలరేగెను. పోరాటమును విరమింపవలెనని రావి నారాయణరెడ్డిగారు వాదించిరి. పార్టీ మాత్రము 1951 అక్టోబరు వరకు విరమింపలేదు. ఆ మూడేండ్లలో నాయకుని స్థానమును నిర్ణయించినది పదవి కాదు, ఈ వివాదమున అతడు నిలిచిన పక్షము. కావున అట్టివాని చరిత్రను ప్రభుత్వ గజెట్టునుండి వ్రాయబూనుట నీడను బట్టి మనిషి ఎత్తు చెప్పుట వంటిది.

1952 ఎన్నికలనాటికి సంస్థానమున నిషేధము తొలగలేదు. పార్టీ అభ్యర్థులు ప్రజాస్వామ్య కూటమియగు పి. డి. ఎఫ్. పేరున నిలిచిరి. ఎల్లారెడ్డిగారు కరీంనగరునుండి లోకసభకు ఎన్నికైరి. నిషిద్ధ పక్షపు నాయకుడు పార్లమెంటు సభ్యుడగుట సామాన్య విషయము కాదు. అయితే దీనిని సాయుధ పోరాటముపై ప్రజలిచ్చిన తీర్పుగా మాత్రమే గ్రహించుట తొందరపాటని మేము తలంతుము. కరీంనగరు ద్విసభ్య నియోజకవర్గము. రెండవ స్థానమును గెలిచినవారు షెడ్యూల్డు కులముల ఫెడరేషనుకు చెందిన ఎం. ఆర్. కృష్ణగారు. భూమి ప్రశ్నయు కుల ప్రశ్నయు ఒకే యెన్నికలో గెలిచిన యీ సంగతి ప్రత్యేక పరిశోధన కర్హము.

అందులకు కాలము మించుచున్నది. సైన్యము వచ్చిననాడు పదేండ్ల బాలురైనవారికి నేడు ఎనుబదియైదేండ్లు దాటినవి. హుస్నాబాదు పరిసర గ్రామములనుండి వచ్చు పరిశోధక విద్యార్థులు గ్రంథాలయమునకు బోవుటకు ముందు తమ యింటి అరుగుపై గూర్చున్న పెద్దల నడుగవలెను.