ధ్వనివర్ధకము మూగపోతే

అమీర్‌పేటలోని మైత్రీవనము మొదలు పంజాగుట్ట వరకు నడిచేవారికి కంప్యూటరు శిక్షణాలయాల ప్రకటనలు కంటబడుతూనే ఉంటాయి. అక్కడ చదువుకొని అమెరికా చేరిన అన్న సెలవులకు వస్తూ తమ్ముడికి ఒక గిటారు ధ్వనివర్ధకాన్ని తెచ్చాడనుకొందాము. అది ట్రాన్సిస్టర్లది కాదు, వాల్వులది. తమ్ముడు దానిని గోడలోని ప్లగ్గుకు తగిలించి మీట నొక్కాడు. ఒక్క క్షణము గుర్రుమన్నది. ఆ పిమ్మట దీపమూ లేదు, ధ్వనీ లేదు. ఏమి జరిగి ఉంటుంది?

1956లో అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ వెలసేనాటికి ధ్వనిని పెంచే పని సాధారణముగా వాల్వులదే. 1947లో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమముగా ఆ చోటును ఆక్రమించినది. అయినా గిటారు వాద్యకారులలో పలువురు వాల్వును వదలలేదు. తన శక్తికి మించిన సంకేతము వచ్చినప్పుడు వాల్వు ఆ తరంగపు శిఖరాలను ఒక్కసారిగా నరికివేయక, కొంత నునుపుగా వంచుతుంది. అప్పుడు పుట్టే గరగర వారి చెవికి ఇంపు.

వాల్వు అంటే గాలి తీసివేసిన గాజుబుడ్డి. 1904లో ఫ్లెమింగ్ అందులో రెండు ఎలక్ట్రోడులు ఉంచాడు. 1906లో లీ డి ఫారెస్ట్ మూడవదానిని, అనగా గ్రిడ్డును, చేర్చాడు. వేడెక్కిన కాథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడి ఆనోడు వైపు పరుగెత్తుతాయి. దారిలో ఉన్న గ్రిడ్డు మీది చిన్న వోల్టేజి ఆ పెద్ద ప్రవాహాన్ని, కాలువ తూములోని తలుపు నీటిని అదుపుచేసినట్లు, అదుపు చేస్తుంది. కాబట్టి వాల్వుకు రెండు రకాల విద్యుత్తు కావాలి. కాథోడును వేడిచేయడానికి చాలా వాల్వులలో 6.3 వోల్టులు చాలు. ఆనోడుకు మాత్రము 300 మొదలు 500 వోల్టుల వరకు కావలసి రావచ్చు. ‘కరెంటు పోయింది’ అన్నప్పుడు ఈ రెంటిలో ఏది పోయిందన్నదే మొదటి ప్రశ్న. దానికి పెట్టె విప్పనక్కరలేదు. వెనుక నుండి చూస్తే చాలు. వాల్వులలో ఎర్రని వెలుగు ఉన్నదా, లేదా?

తమ్ముడి ధ్వనివర్ధకములో వెలుగు లేదు. కారణము మన వీధిలోని విద్యుత్తే. అమెరికాలో ఇండ్లకు 120 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తులు. మనకు 230 వోల్టులు, 50 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మరు ఇనుములోని అయస్కాంత అభివాహము వోల్టేజితోపాటు పెరుగుతుంది, ఆవృత్తులు తగ్గినకొద్దీ కూడ పెరుగుతుంది. లెక్క కడితే (230/120) × (60/50) = 2.3. అంటే ఆ ఇనుము మామూలు కంటె 2.3 రెట్లు అభివాహాన్ని మోయాలి. మోయలేదు, సంతృప్తమవుతుంది. అప్పుడు తీగచుట్టకు ప్రవాహాన్ని నిలువరించే శక్తి పోయి ప్రవాహము విజృంభిస్తుంది. అదృష్టము బాగుంటే ట్రాన్స్‌ఫార్మరు మాడకముందే ఫ్యూజు కరుగుతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరును మధ్య పెట్టినా ఆవృత్తులు 50 గానే ఉంటాయి, అభివాహము 1.2 రెట్లు కాబట్టి కొన్ని పరికరాలు మామూలుకంటె ఎక్కువ వేడెక్కుతాయి.

మన దేశపు వోల్టేజికే తయారై, ఏండ్ల తరబడి పలికిన ధ్వనివర్ధకము ఒకనాడు ఆరిపోతే? ముందు ఆ ప్లగ్గుకే మరొక దీపము పెట్టి చూడాలి. చాలాసార్లు దోషము గోడలోనే ఉంటుంది. పిమ్మట తీగను గోడ నుండి ఊడదీసి ఫ్యూజును చూడాలి. తీగ మెల్లగా తెగి గాజు తేటగా ఉంటే అది వయసు మీరి తెగి ఉండవచ్చు. గాజు లోపల నల్లగానో, వెండిపూత పూసినట్లో ఉంటే భారీ ప్రవాహము పోయినదని అర్థము. అదే విలువ, అదే జాతి ఫ్యూజును ఒక్కసారి మార్చి చూడవచ్చు. అదీ కరిగితే ఆగాలి. ఇండ్ల ఫ్యూజులకు రాగితీగ చుట్టే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

మరమ్మతు తెలిసినవారు ఈ దశలో ఒక పాత ఉపాయము వాడుతారు. 100 వాట్ల తంతు దీపాన్ని ధ్వనివర్ధకముతో శ్రేణిలో కలుపుతారు. వెలిగే దీపపు నిరోధము 230 × 230 ÷ 100 = 529 ఓములు. లోపల ఎంతటి దోషమున్నా 0.43 ఆంపియర్లకు మించి ప్రవాహము పోదు. ఫ్యూజులు వృథా కావు. వాల్వులన్నీ తీసివేసినా దీపము పూర్తిగా వెలుగుతూనే ఉంటే దోషము ట్రాన్స్‌ఫార్మరులోనో, ఏకముఖ ప్రవాహాన్నిచ్చే భాగములోనో ఉన్నది. దీపము మసకబారితే, ప్రతిసారి తీగ ఊడదీస్తూ ఒక్కొక్క వాల్వునే పెడతారు. వెలుగు కొద్దికొద్దిగా పెరగడము సహజము. ఒక వాల్వు దగ్గర భగ్గుమంటే దొంగ దొరికినట్లే.

వాల్వులు వెలుగుతున్నా ధ్వని లేకపోవడము మరొక రకము. గిటారు తీగ, స్పీకరు తీగ మొదట చూడాలి. స్పీకరు లేకుండ వాయిస్తే ఉత్పాద ట్రాన్స్‌ఫార్మరులో ప్రమాదకరమైన వోల్టేజి పుట్టి అది చెడిపోవచ్చు. ధ్వని ఉండి సగానికి పడిపోతే జంట వాల్వులలో ఒకటి చచ్చి ఉండవచ్చు. వాల్వు లోపలి ఆనోడు రేకే ఎర్రబారితే వెంటనే మీట ఆపాలి. గ్రిడ్డు తన అదుపు కోల్పోయిందన్నమాట.

ఇంతకు మించి పెట్టె విప్పే పని విద్యార్థులది కాదు. తీగ ఊడదీసినా లోపలి కండెన్సర్లలో ఆవేశము నిలిచి ఉంటుంది. 50 మైక్రోఫారడుల కండెన్సరు 450 వోల్టుల వద్ద దాచుకొనే శక్తి సుమారు 5 జౌళ్ళు. సంఖ్య చిన్నదే. కాని అది రెప్పపాటులో దేహము గుండా పోతే ప్రాణానికే ముప్పు. దానిని ఖాళీచేయడానికి కొన్ని పరికరాలలో ఒక నిరోధకము అమర్చి ఉంటుంది. అది తెగి ఉంటే బయటికి ఏ గుర్తూ కనబడదు. అందుచేత అనుభవజ్ఞుడు నిరోధకము ద్వారా ఆవేశాన్ని తీసివేసి, మీటరుతో కొలిచి, కొంతసేపు ఆగి మరల కొలుస్తాడు. ఖాళీ అయిన కండెన్సరు కూడ తనంతట తాను కొంత వోల్టేజిని తిరిగి పొందుతుంది.