పద్యం వింటే ఒళ్లు ఝల్లుమందా? కొలిచి చూడండి!

మంచి పద్యం వింటున్నప్పుడు మీ చేతిమీద రోమాలు ఎప్పుడైనా నిక్కబొడుచుకున్నాయా? ‘అదంతా ఫీలింగ్ బాసూ, కొలిచేదేముంది?’ అంటారేమో. కొలుస్తున్నారు! ఆ పనిలో మన ఈసీఈ, సీఎస్ఈ సిలబస్ చాలానే ఉంది. ప్రాజెక్టు టాపిక్ కోసం తల పట్టుకున్నవాళ్లు ఇది చదవాల్సిందే.

రోమాలకో కెమెరా

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాహిత్యం, సంగీతం మనిషిపై చూపే ప్రభావాన్ని పరిశోధించే మాక్స్ ప్లాంక్ సంస్థ ఒకటి ఉంది. అక్కడివాళ్లు 2017లో ఓ అధ్యయనం ప్రచురించారు. 27 మందికి కవితలు వినిపించారు. వాటిలో కొన్ని విన్నవాళ్లు తమకు ఇష్టమని ఎంచుకున్నవే. ఒళ్లు ఝల్లుమన్నప్పుడు బటన్ నొక్కమన్నారు. గుండె వేగం, చర్మంలో చెమట, ముఖ కండరాల కదలిక అన్నీ రికార్డు చేశారు. రోమాలు లేస్తున్నాయో లేదో చూడ్డానికి చర్మంమీద చిన్న కెమెరా కూడా పెట్టారు.

ఝల్లుమన్నట్టు అందరూ చెప్పారు. దాదాపు 40 శాతం మందిలో రోమాలు లేవడం కెమెరాకే చిక్కింది. అది ఎక్కడపడితే అక్కడ రాలేదు. పాదం చివర, చరణం చివర, కవిత ముగింపులో ఎక్కువగా వచ్చింది. మెదడును స్కాన్ చేస్తే ఇంకో సంగతి తేలింది. ఆ క్షణానికి కొన్ని సెకన్ల ముందే, ఆనందంతో ముడిపడిన న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం చురుగ్గా మారుతోంది. రాబోయేదాని కోసం మెదడు ముందే ఎదురుచూస్తోందన్నమాట. అదే సమయంలో కనుబొమలు ముడివేసే కండరమూ పనిచేసింది. బాధ, ఆనందం కలిసే వస్తాయనడానికి అదో ఆధారం.

యతి తెలియకపోయినా...

బ్రిటన్‌లోని బ్యాంగర్ యూనివర్సిటీ 2016లో చేసిన పని మనకింకా దగ్గరగా ఉంటుంది. వెల్ష్ భాషలో కింగ్‌హానెద్ అని శబ్దాల పొందికకు కట్టుదిట్టమైన నియమాలున్నాయి. మన యతి ప్రాసల్లాంటివే అనుకోండి. ఆ నియమాలు నేర్చుకోని వెల్ష్ వాళ్లతో కొన్ని వాక్యాలు చదివించారు. ఏది నియమం ప్రకారం ఉందో వాళ్లు చెప్పలేకపోయారు. కానీ చివరి పదం చదవగానే, సెకనులో కొంత భాగంలోనే ఈఈజీ గీతలో తేడా కనిపించింది. నోటికి తెలియనిది మెదడు పట్టేసింది! తెలుగు పద్యంతో ఇలాంటిదే చేస్తే ఏం తేలుతుంది? మంచి ప్రశ్నే కదూ.

ఏ పరికరం ఏం చెబుతుంది?

ఈఈజీ తలమీద మైక్రోవోల్టుల సంకేతాలను మిల్లీసెకన్లలో పట్టేస్తుంది. కానీ అవి మెదడు లోతుల్లో సరిగ్గా ఎక్కడినుంచి వచ్చాయో చెప్పడంలో వెనకబడుతుంది. ఎఫ్ఎంఆర్ఐ చోటు బాగా చూపిస్తుంది. అయితే అది కొలిచేది రక్తప్రవాహంలో మార్పును కాబట్టి, కొన్ని సెకన్లు ఆలస్యంగా చెబుతుంది. వేళ్లకు పెట్టే జీఎస్ఆర్ సెన్సర్ చెమటవల్ల చర్మంలో విద్యుత్ ప్రవాహం ఎంత సులువైందో చూపుతుంది. ఉద్వేగం కలిగిందని దానికి తెలుసు. అది సంతోషమో, భయమో మాత్రం తెలియదు.

నేను తిన్న దెబ్బ

ఫైనలియర్‌లో నాది ఈసీజీ ప్రాజెక్టు. నిజం చెప్పాలంటే రెడీమేడ్‌గా కొన్నది. ఇంటర్వ్యూలో నా గ్రాఫ్ చూపించి, ‘ఈ చిన్న అలలు సెకనుకు 50 ఎందుకున్నాయి?’ అని ఒక్కటే ప్రశ్న అడిగారు. నోరు పెగల్లేదు. మన ఇళ్లలో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అది తీగల్లోకి దూరుతుందని ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. ఉద్యోగం రాలేదు.

ఆ కసితో ఆర్డుయినో, జీఎస్ఆర్ సెన్సర్ కొన్నాను. మా నాన్నమ్మ పాడిన పద్యాన్ని రికార్డు చేసి, ఆమెకే వినిపించా. గీత ఒక్కసారిగా పైకి లేచింది. ఎగిరి గంతేశా. రికార్డింగ్ మళ్లీ వింటే అసలు సంగతి తెలిసింది. సరిగ్గా దానికి రెండు సెకన్ల ముందు కుక్కర్ కూత వేసింది! చెమట స్పందన ఒకటి నుంచి మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుందని ఆరోజే బుర్రకెక్కింది.

మీరు చేస్తే ఇలా...

ముందు రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి మామూలు స్థితి నమోదు చేయండి. ఒకే గొంతుతో పద్యం, వచనం రెండూ చదివించండి. ఒక్కొక్కరికి వరుస మార్చి వినిపించండి. వినేవాళ్ల అనుమతి తప్పనిసరి. పేర్లు డేటాలో ఉంచొద్దు. సెన్సర్ పెట్టినంతసేపూ ల్యాప్‌టాప్‌ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపండి. భద్రతకు భద్రత, 50 హెర్ట్జ్ గోలా తగ్గుతుంది. విశ్లేషణకు పైథాన్‌లో న్యూరోకిట్, ఈఈజీకైతే ఎంఎన్ఈ ఉచితం. సెన్సర్ కొనే స్తోమత లేదా? ఫిజియోనెట్‌లో డేటా ఉచితంగా దొరుకుతుంది.

ఇదే నైపుణ్యం స్మార్ట్‌వాచీలు, వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలకూ కావాలి. పై చదువులు కావాలంటే హైదరాబాద్‌లోనే దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్, కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్, ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉన్నాయి. అర్హతలు, నోటిఫికేషన్ల కోసం వాటి వెబ్‌సైట్లు చూస్తుండండి.

కుక్కర్ కూతతో చెడిన ఆ గ్రాఫ్‌నే తర్వాతి ఇంటర్వ్యూకి తీసుకెళ్లా. ‘ఈ గీత ఇక్కడెందుకు లేచింది?’ అని అడిగారు. ఈసారి పది నిమిషాలు ఆపకుండా చెప్పాను. ఉద్యోగం వచ్చింది.