వేలంలో మిగిలిపోయే తరంగాలు: పొరుగు దేశాల్లో స్పెక్ట్రం పంపిణీ

మొబైల్ ఫోనుకు, టవరుకు మధ్య సమాచారాన్ని మోసేవి రేడియో తరంగాలు. వీటి పౌనఃపున్యాల శ్రేణినే స్పెక్ట్రం అంటారు. ఒకే చోట ఒకే పౌనఃపున్యాన్ని ఇద్దరు వాడితే సంకేతాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందుకే ఎవరు ఏది వాడాలో ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి.

ఇందులో రెండు దశలున్నాయి. ఏ పౌనఃపున్యాలు ఏ సేవకు అన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సదస్సుల్లో తేలుతుంది. ఈ సంస్థ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించింది. దక్షిణాసియా అంతా మూడో ప్రాంతంలోకి వస్తుంది. ఆ తరువాత ఏ కంపెనీకి, ఎంత ధరకు, ఎన్నేళ్లకు ఇవ్వాలన్నది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకుంటుంది.

భారత్‌లో 2008లో ‘ముందు వచ్చినవారికి ముందు’ పద్ధతిలో ఇచ్చిన 122 లైసెన్సులను సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో రద్దు చేసింది. అప్పటి నుంచి ప్రైవేటు మొబైల్ కంపెనీలకు వేలమే మార్గం. బంగ్లాదేశ్ 2013లో 3జీకి, పాకిస్తాన్ 2014లో 3జీ, 4జీలకు వేలం నిర్వహించాయి. భారత్‌లో స్పెక్ట్రం గడువు 20 ఏళ్లు. ఆ రెండు వేలాల్లో 15 ఏళ్లు.

వేలంలో కీలకం ప్రభుత్వం పెట్టే కనీస ధర. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌నే చూడండి. తక్కువ పౌనఃపున్య తరంగాలు ఎక్కువ దూరం వెళ్తాయి, గోడలను తేలిగ్గా దాటుతాయి. కాబట్టి తక్కువ టవర్లతోనే పల్లెలకు సేవలు అందించవచ్చు. 2016లో భారత్ దీనికి దేశవ్యాప్తంగా ఒక్కో మెగాహెర్ట్జ్‌కు రూ.11,485 కోట్లు అడిగింది. ఎవరూ కొనలేదు. 2021లో ధరను రూ.6,568 కోట్లకు తగ్గించినా అదే ఫలితం. 2022లో రూ.3,927 కోట్లకు దించాక జియో 10 మెగాహెర్ట్జ్ కొన్నది.

పొరుగునా ఇలాగే జరిగింది. బంగ్లాదేశ్ 2013 వేలంలో 40 మెగాహెర్ట్జ్ పెడితే 25 మాత్రమే అమ్ముడయ్యాయి. పాకిస్తాన్‌లో 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లోని రెండు భాగాల్లో ఒకటి మిగిలిపోయింది. ఈ రెండు దేశాలూ ధరను డాలర్లలో నిర్ణయించాయి. స్థానిక కరెన్సీ విలువ పడిపోతే, కంపెనీలు చెల్లించాల్సిన వాయిదాల భారం పెరుగుతుంది.

తవ్వని బొగ్గు రేపటికి భూమిలోనే ఉంటుంది. వాడని స్పెక్ట్రం అలా నిల్వ ఉండదు. ఈ రోజు ఖాళీగా ఉన్న తరంగం అందించగలిగిన సేవ ఈ రోజుతోనే పోతుంది. కాబట్టి వేలాన్ని ఖజానాకు వచ్చిన మొత్తంతోనే కాక, ఎంత స్పెక్ట్రం వాడుకలోకి వచ్చిందన్న లెక్కతోనూ చూడాలి.